దోసిలి పట్టని వేసవి

విడపనకల్లు దాటి బళ్లారి వైపు పోయే బాటలో, మూడు దారులు కలిసే చోట, ప్రతి వేసవిలోనూ ఒక నీళ్ల పందిరి వెలిసేది. పైన ఈతకమ్మలు, కింద తడి ఇసుకలో వరుసగా కుండలు. దానికి ధర్మకర్తలు లేరు, దాతల పేర్లు చెక్కిన పలక లేదు. ఉన్నవాడు అంజినప్ప ఒక్కడే. ఉగాది వెళ్లిన మర్నాడు గుంజలు పాతి, మృగశిరలో నేల తడిసేదాకా అక్కడే నిలిచేవాడు.

అతడు వయసులో ఉన్ననాళ్లూ బళ్లారి మార్కెట్టులో మిరపకాయ బస్తాలు మోసిన హమాలీ. నడుము దెబ్బతిని ఊరు చేరాక ఆ మోత మాని ఈ మోత ఎత్తుకున్నాడు. చుట్టుపక్కల బోర్లలో పడేవి ఉప్పునీళ్లు. గొంతులో పోసుకుంటే దప్పిక తీరకపోగా రెట్టిస్తుంది. అందుచేత తెల్లవారుజామునే సైకిలుకు బిందెలు కట్టుకొని, దూరాన ఉన్న ఒక తోటబావి నుండి తియ్యనీళ్లు తెచ్చేవాడు. భార్య ఓబమ్మ కుండలు తోమి, మూతులకు పలుచని గుడ్డ వాసెన కట్టి, నీళ్లు వడగట్టి పోసేది.

వైశాఖంలో బాటసారికి నీరూ నీడా ఇచ్చినవాని పుణ్యాన్ని పురాణాలు ఎంతగానో కొనియాడాయి. ఇతర దానాలకు పాత్రాపాత్ర విచారణ ఉన్నది కాని, అన్నోదకాలకు అది లేదని ధర్మం తెలిసిన పెద్దలు చెబుతారు. అంజినప్ప ఈ మాటలు విన్నవాడు కాడు, వినకుండానే ఆచరించినవాడు. వచ్చినవారు వంగి దోసిలి పట్టేవారు. వంగినవానికి పోసేవాని ముఖం కనబడదు, పోసేవానికి వంగినవాని వీపు తప్ప ఏమీ కనబడదు. నీది ఏ ఊరు, ఏ కులం అని అడిగే అవసరం ఆ నిలుపులోనే లేదు. కడుపునిండా తాగి, మూతి తుడుచుకొని, ఒక్క మాటైనా చెప్పకుండా పోయేవారిని చూస్తే అతనికి ఎక్కడలేని తృప్తి. నీళ్లు అడిగి తీసుకోవడం ఆ పందిట్లో ఎవరికీ సిగ్గు కాదు. ఆ ముసలివాడు తన జీవితంలో సంపాదించుకున్నది అదొక్కటే.

ఒక చైత్రమాసంలో ఆ పందిట్లోకి సాయిగణేష్ అనే యువకుడు వచ్చాడు. ఉరవకొండలో ఇల్లు, ఒక ఆరోగ్యకార్డుల కంపెనీలో కొలువు, మెడలో తాడుకు వేలాడే గుర్తింపు చీటీ. ముందు వంగి నీళ్లు తాగాడు. తరువాత కొంచెం నీడ ఇమ్మని అడిగాడు. తాను ఒక చిన్న బల్ల వేసుకుంటాననీ, వచ్చేపోయే పేదలకు ఉచితంగా కార్డు ఇస్తాననీ, జబ్బు చేస్తే ఆసుపత్రి ఖర్చు కంపెనీయే చూసుకుంటుందనీ చెప్పాడు. బదులుగా పందిరికి ఆకుపచ్చ నీడవల, కొత్త కుండలు తెచ్చి ఇస్తానన్నాడు.

అంజినప్ప అడిగింది ఒక్కటే. “దుడ్లు ఏమన్నా తీసుకుంటావా అప్పా?”

“ఒక్క పైసా లేదు తాతా. నువ్వు నీళ్లకి తీసుకుంటాండావా? ఇదీ అంతే.”

ఆ మాటతో అతని మనసు కరిగింది. ఇవ్వడం తప్ప మరొకటి ఎరుగని చోట, ఇస్తానని వచ్చినవాడిని శంకించాలని అతనికి తోచలేదు. తనవంటివాడు మరొకడు దొరికాడనే అనుకున్నాడు. బల్ల వేయించి, చిన్న యంత్రం మీద మొట్టమొదటి వేలిముద్ర తానే వేశాడు.

అయినా జనం వెంటనే ముందుకు రాలేదు. మిరపకోతలకు ఆటోల్లో పోయే ఆడవాళ్లు నీళ్లు తాగి, బల్ల వైపు ఒకసారి చూసి, ముసలివాని ముఖం చూసేవారు. వారిలో హనుమంతమ్మ ఒకతె. ఒకప్పుడు ఆమెకు సొంత గొర్రెల మంద ఉండేది. ఒక ముసురుకాలంలో నీలినాలుక రోగం తగిలి మంద మొత్తం పోయింది. దాని దిగులుతో భర్తా పోయాడు. నాటినుండి కూలికి పోతున్నది. మళ్లీ రెండు ఆడ గొర్రెపిల్లలను కొని, వాటి వెంట గట్టు ఎక్కాలని ఆమె ఆశ. అందుకోసం కూలిలో మిగిలిన ప్రతి రూపాయీ బ్యాంకు ఖాతాలో వేస్తూ వచ్చింది. చేతిలో ఉంటే తినేస్తామని ఆమె భయం.

“ఏలు ఎయ్యచ్చునా అన్నా?” అని ఆమె అంజినప్పనే అడిగింది.

“నా పందిట్లో దుడ్లు అడిగేది లేదమ్మా. ఎయ్యి.”

వేసింది. ఆమె వెనుక ఆటోలో వచ్చినవారంతా వేశారు. ఆ వేసవి పొడుగునా ఆ బల్ల ముందు వరుస తరగలేదు. నీళ్లకు వంగిన జనమే లేచి అక్కడ వేలు పెట్టారు. వానలు రాగానే సాయిగణేష్ బల్ల మడుచుకొని వెళ్లిపోయాడు.

మాఘమాసంలో మొదటి విడత కోతలు ముగిశాక హనుమంతమ్మ సంతకు పోవాలని బయలుదేరి, దారిలో డబ్బు తీసుకోవడానికి నాగజ్యోతి ఇంటికి వెళ్లింది. నాగజ్యోతి బ్యాంకు తరఫున ఊళ్లో యంత్రంతో లావాదేవీలు నడిపే పిల్ల. వేలు పెట్టి చూస్తే ఖాతాలో ఏమీ లేదు. యంత్రం తప్పేమోనని మళ్లీ పెట్టారు. నాగజ్యోతి కూర్చోబెట్టి మెల్లగా విడమరిచింది: కార్డు ఉచితమన్నది మొదటి నెలకే, ఆ తరువాత ప్రతి నెలా రుసుము ఖాతానుండి దానంతటదే పోతుంది, ఖాతాలో తగినంత లేని నెల దానికి జరిమానా, ఆమె కొత్తగా కూలి డబ్బు వేసినప్పుడల్లా వెనుకటి జరిమానాలు ముందుగా దాన్ని మింగాయి. వేలిముద్ర వేసిననాడే వీటన్నిటికీ ఆమె ఒప్పుకున్నట్టు లెక్క.

హనుమంతమ్మ అక్కడ ఏడవలేదు. నేరుగా అంజినప్ప ఇంటికి వచ్చి గడప బయట నిలబడింది.

“నా దుడ్లు కార్డోళ్లు ఎత్తుకున్యారంట అన్నా.”

“ఏ కార్డోళ్లమ్మా?”

“నీ పందిట్లో కూర్చున్యోళ్లే.”

లోపలినుండి వచ్చిన ఓబమ్మ ఆమెను కూర్చోమన్నది. ఆమె కూర్చోలేదు.

“ఆ పిల్లోని మొగం కూడా నాకి గుర్తు లేదన్నా. నీ మాటే గుర్తుండాది. నువ్వు చెప్పితివని ఏసినా.”

అంతమాత్రమే అని వెళ్లిపోయింది. తిట్టి ఉంటే అతనికి కొంత మేలయ్యేది.

మర్నాడు అంజినప్ప నాగజ్యోతి దగ్గరికి పోయాడు. తన ముసలితనపు పింఛను నుండి కూడా నెలనెలా కోత పడిందని అప్పుడు తెలిసింది. సర్కారే తగ్గించి ఇస్తున్నదనుకొని ఇన్నాళ్లూ ఊరుకున్నాడు. దాని ఊసు ఆనాడూ ఎత్తలేదు; హనుమంతమ్మ డబ్బు వెనక్కు వచ్చే దారి చూడమని బతిమాలాడు. నాగజ్యోతి కంపెనీ నెంబరుకు ఫోన్ చేసింది. పాట వినిపించింది, తరువాత హిందీ, తరువాత మళ్లీ పాట. చాలాసేపటికి ఒక గొంతు పలికి, పోయిన డబ్బు తిరిగి రాదనీ, ఇకమీదట పోకుండా కార్డు రద్దు చేసుకోవచ్చనీ, ఆ రద్దుకూ రుసుము ఉన్నదనీ మర్యాదగా చెప్పింది.

అంజినప్ప ఉరవకొండకు పోయి చూస్తే, ఆ కంపెనీ గది ఉండిన చోట ఫోన్లు బాగుచేసే అంగడి ఉన్నది. అడిగి అడిగి, చివరికి గుంతకల్లు బస్టాండు బయట సాయిగణేష్‌ను పట్టుకున్నాడు. రంగుల గొడుగు కింద బల్ల, కొత్త కంపెనీ, ఈసారి వడ్డీ లేని అప్పుల కార్డులు. ముసలివాణ్ణి చూడగానే ఆ యువకుడు లేచి నిలబడి తన కుర్చీ ఇచ్చాడు. మర్యాద తెలియనివాడు కాడు. డబ్బు తన చేతికి రాలేదనీ, తానూ జీతగాడినేననీ, నెలకు ఇన్ని కార్డులని లెక్క ఉండేదనీ, నెల దాటాక రుసుము పడుతుందని ఫారంలో రాసే ఉన్నదనీ చెప్పుకున్నాడు.

“నాకి చదువు రాదని నీకి తెలుసు గదప్పా.”

“తెలుసు తాతా.”

“నా పందిరే ఏల కావాల్సొచ్చె నీకి? ఊళ్లో అంగళ్లు లేవా?”

సాయిగణేష్ తల వంచుకున్నాడు. “మా మేనేజరు చెప్పినాడు తాతా. జనం నిన్ను నమ్మరు, ఆ ముసలాయన్ని నమ్ముతారు, పోయి ఆడ కూర్చో అని.”

దొంగ ఇంట్లోని సొమ్ము ఎత్తుకుపోతే ఇల్లయినా మిగులుతుంది. వీరు ఎత్తుకుపోయినది ఒక మనిషి మాటను. దానం పుచ్చుకొనే ప్రతిగ్రహీత ఎంత జాగ్రత్తగా ఉండాలో, దాత ఎంత వినయంగా ఉండాలో శాస్త్రాలు వివరంగా విధించాయి. దాత నీడలో దుకాణం పెట్టేవాడు ఒకడు పుడతాడని మన పెద్దలు ఊహించలేదు కాబోలు. ఊహించి ఉంటే అంజినప్పవంటి వారికి ఒక్క హెచ్చరిక మాటైనా మిగిల్చి పోయేవారు.

మళ్లీ ఉగాది వచ్చింది. నీడవలను చింపి పారేసి, ఈతకమ్మలు కప్పి, పాత కుండలే పెట్టి అతడు నిలబడ్డాడు. ఆటోలు ఆగకుండా పోయాయి. ఆగినవారు ఎదుట మల్లికార్జునయ్య సెట్టి అంగట్లో నీళ్ల ప్యాకెట్లు కొనుక్కొన్నారు. ఇళ్లనుండి సీసాలు తెచ్చుకున్నవారు పందిరి వైపు చూడకుండా తాగారు. ఆటో నడిపే రాజేంద్ర ఒకనాడు బండి నెమ్మది చేసి, తల బయటపెట్టి అడిగాడు.

“ఈ నీళ్లకి ఎన్ని నెల్లు పోయినాంక కోస్తావు తాతా?”

వెనుక కూర్చున్న ఆడవాళ్లు నవ్వారు. ఆ నవ్వులో పగ లేదు; పోయిన డబ్బు తాలూకు నొప్పి ఉన్నది. అంజినప్ప చెంబు ఎత్తి పట్టుకొనే ఉన్నాడు.

మల్లికార్జునయ్య వ్యాపారే అయినా చెడ్డవాడు కాడు. ఒక సాయంత్రం బాట దాటి వచ్చి, ఈ ఒక్క ఏడు పందిరి ఎత్తిపెట్టమనీ, జనం మరిచిపోతారనీ చెప్పాడు.

“దప్పిక కూడా మరుస్తారా సెట్టీ?” అన్నాడు అంజినప్ప. సెట్టి లేచిపోయాడు.

ఆ వారమే కుండలను ఓబమ్మకు అప్పగించి అతడు బళ్లారి బస్సెక్కాడు. విరిగిన నడుముకు తుండు బిగించి మళ్లీ బస్తాల కింద దూరాడు. నిండు బస్తా ఎత్తలేడని తెలిసి పాతకాలపు తోటివారు సగం బస్తాలు అతని వంతుకు వదిలారట. కొన్ని వారాలకు ఒక గొర్రెపిల్ల కొనేపాటి కూలి చేరింది. సంతలో మంచి ఆడ గొర్రెపిల్లను చూసి కొని, భుజాన వేసుకొని, ఊరి చివర హనుమంతమ్మ గుడిసె ముందు దించాడు.

“ఏందన్నా ఇది?”

“నీకేనమ్మా. ఇప్పటికి ఒకటే. ఇంగోటి మల్ల తెస్తా.”

“దుడ్లు?”

“ఏమీ వద్దు. ఊరికేనే.”

ఊరికే అన్న మాట వినగానే ఆమె ఒక అడుగు వెనక్కు వేసింది. పిల్లను తాకబోయిన చేతిని కొంగులో దాచుకుంది.

“ఏలు యాడ పెట్టాల్లన్నా?”

ఎత్తిపొడవడానికి అన్న మాట కాదది. ఆమె నిజంగానే అడిగింది. ఆమె కళ్లలో ఉన్నది భయం. ఆ భయాన్ని చూసి అంజినప్ప నేలమీద కూలబడి, తుండు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. ఆమెకు జాలి కలిగింది, దగ్గరికి వచ్చి కూర్చున్నది. అయినా పిల్లను ముట్టలేదు.

“ఊరికే ఐతే నాకి వద్దన్నా. నిద్ర పట్టదు. ఇంత అని ఒక ధర చెప్పు. కూలి దొరికినప్పుడు ఇస్తా. నా చేత్తో ఇస్తా, నీ చేత్తో తీసుకో.”

అతడు ఎంతగానో చెప్పి చూశాడు. ధర చెప్పకపోతే పిల్లను తోలుకుపొమ్మన్నది. చివరికి అతడు ఒక ధర చెప్పాడు. దీనిమీద ఇంకేమీ లేదు కదా అని ఆమె అడిగింది. లేదన్నాడు. ఒట్టు వెయ్యమన్నది. గొర్రెపిల్ల తలమీద చెయ్యి పెట్టి ఒట్టు వేశాడు. అప్పుడు ఆమె దాన్ని ఒడిలోకి తీసుకొని చెవులు నిమిరింది.

ఆమె మాట తప్పలేదు. వైశాఖపు ఎండలో, కూలి చేతికి వచ్చిన మొదటి రోజున, నడిచి పందిరి దగ్గరికి వచ్చింది. కొంగుముడి విప్పి నోట్లు అతని చేతిలో పెట్టింది.

“ముట్టినాయి అని చెప్పన్నా.”

“ముట్టినాయమ్మా.”

ఆమె పెదవులు పగిలి ఉన్నాయి. అతడు నోట్లు నడుములో దోపుకొని చెంబు ముంచి ఎత్తాడు. ఆమె ఆ నీళ్ల వైపు చూసింది. చేతులు కొంచెం కదిలాయి. కలవలేదు.

“మల్ల తాగుతాలే అన్నా,” అని చెప్పి బాట దాటి సెట్టి అంగడికి పోయింది.

ఓబమ్మ వచ్చి, ఎండలో నిలబడవద్దు, లోపలికి రమ్మని అతని రెక్క పట్టుకున్నది.

“నీళ్లు పోసే చేత్తో దుడ్లు తీసుకుంటినే ఓబీ,” అన్నాడు.

ఆమె చెంబు అందుకొని నీళ్లు తిరిగి కుండలో పోసి వాసెన కట్టింది. మర్నాడు తెల్లవారుజామున అతడు తోటబావికి పోయి, ఎప్పటిలాగే తియ్యనీళ్లు తెచ్చాడు. పొద్దు గుంకేవేళకు కుండలన్నీ నిండుగానే ఉన్నాయి.