బాపట్ల వెళ్ళొస్తే నల్లబడే ప్లగ్గు

నా స్కూటరుకు ఆరు నెలల్లో పదకొండు ప్లగ్గులు మార్చాను. మా తెనాలిలో మెకానిక్ ఒకరోజు విసుగొచ్చి, "ఏంటండీ సార్, పసిపిల్లకి గుడ్డలు మార్చినట్టు మారుస్తున్నారు ప్లగ్గులు" అన్నాడు.

డెబ్భైల మొదట్లో సంగతి. లెక్కలు నాకెవరూ నేర్పలేదు కాని, దేన్నీ కొలవకుండా వదిలే అలవాటు లేదు. బండితో ఇచ్చిన పుస్తకంలో ఏ ప్లగ్గు వేయమన్నారో అదే కొన్నాను. దాని మొనల మధ్య సందును కొలత రేకు పెట్టి చూశాను. లీటరు పెట్రోలుకు యాభై మిల్లీలీటర్ల ఆయిలు, పిల్లలకు మందు పట్టే గ్లాసుతో కొలిచి మరీ కలిపాను. అయినా ప్లగ్గు మసిపట్టి, తడిసి, బండి నడిరోడ్డు మీద ఆగిపోయేది. నోటుపుస్తకం తిరగేస్తే పదకొండింట్లో తొమ్మిది, బాపట్లలో చెల్లెలింటికి వెళ్ళొచ్చినప్పుడే పోయినట్టు తేలింది. సముద్రపు గాలిలోని ఉప్పే కారణమని తీర్మానించాను. పిల్లలు సూర్యలంక బీచికి తీసుకెళ్ళమని ఎంత అడిగినా ఇక బండి తీయలేదు. మెకానిక్ మాట విని, వేడిని ఎక్కువ నిలుపుకునే రకం ప్లగ్గు కూడా వేసి చూశాను. అది నాలుగు రోజులు ఎక్కువ బతికింది, అంతే.

ఇంతలో చెల్లెలికి రేపల్లెలో ఒక హైస్కూలు నుంచి టీచరు ఉద్యోగానికి ఇంటర్వ్యూ కాగితం వచ్చింది. పది గంటలకు రమ్మన్నారు. వయసు హద్దు దాటడానికి ఆమెకు నాలుగు నెలలే ఉంది. ఇది పోతే మళ్ళీ లేదు. ఏడింటి బస్సుకు వెళ్తానంది. ఆ బస్సు ఆగే చోట్లన్నీ లెక్కేసి, బండి మీదైతే నలభై నిమిషాలు కలిసొస్తాయని నేనే ఆపాను. ముందురోజే బాపట్ల చేరాను. పొద్దున ప్లగ్గు తుడిచి, కొత్తదొకటి జేబులో వేసుకుని, ఏడున్నరకు ఆమెను ఎక్కించుకుని బయల్దేరాను.

కర్లపాలెం దాటగానే బండి దగ్గి ఆగిపోయింది. ప్లగ్గు విప్పితే నల్లగా నూనె కారుతోంది. కొత్తది వేశాను. రెండు మైళ్ళు కూడా రాలేదు. ఎనిమిదిన్నర అయింది.

"అంతా ఈ ఉప్పుగాలి" అన్నాను.

"గాలి కాదన్నయ్యా. మీ బావ పోస్తారు."

"ఏంటి పోసేది?"

"ఆయిలు. నువ్వు స్నానానికి వెళ్ళినప్పుడు గిద్దెడు ట్యాంకులో పోస్తారు. వచ్చినప్పుడల్లా."

బావ బియ్యం మిల్లులో ఇంజను డ్రైవరు. ఆయిలు తగ్గితే ఇంజను బతకదన్నది ఆయన గట్టి నమ్మకం. ఇంటికొచ్చిన బావమరిది బండిని కడుపు మాడ్చి పంపడం ఆయనకు నామోషీ. నేను మందు గ్లాసుతో కొలిచిన దాని మీద, మిల్లు ఇంజనుకు వాడే చిక్కటి ఆయిలు గిద్దెడు.

"మరి నాకు చెప్పవేం?"

"నీకు తెలుసనుకున్నా. ప్రతి చుక్కా రాసుకుంటావుగా."

ఇంటి నుంచి బయల్దేరేటప్పుడు కొలిచేవాణ్ణి కాని, బాపట్లలో ఒక్కసారీ ట్యాంకు మూత తీసి చూడలేదు.

తొమ్మిదవుతుండగా వెనక నుంచి తర్వాతి బస్సొచ్చింది. కిక్కిరిసి ఉంది. చెల్లెలు రోడ్డుకు అడ్డంగా వెళ్ళి చెయ్యెత్తింది.

"చోటు లేదమ్మా" అన్నాడు కండక్టరు.

"మెట్టు మీద నుంచుంటా బాబాయ్. పదింటికి ఇంటర్వ్యూ ఉంది" అంటూ ఎక్కేసింది. నా వైపు చూడను కూడా చూడలేదు.

నేను ట్యాంకు ఖాళీ చేసి, ప్లగ్గు తుడిచి, సైకిలు మీద వెళ్తున్న ఒకాయన్ని బతిమాలి పెట్రోలూ ఆయిలూ తెప్పించి, కొలిచి కలిపి, రేపల్లె చేరేసరికి పన్నెండు దాటింది. చెల్లెలు స్కూలు అరుగు మీద కూర్చుని ఉంది. చేరేసరికి పది దాటి పావుగంటయిందట. పేరు పిలవడం అయిపోయిందట. హెడ్మాస్టరుని కాళ్ళావేళ్ళా పడి బతిమాలితే చివర్లో పిలిచారట.

"ఏమన్నారు?"

"సోమవారం నుంచి రమ్మన్నారు."

బండి స్టార్టు చేశాను. ఒక్క తన్నుకే అందుకుంది.

"ఎక్కు, ఇప్పుడు శుభ్రంగా నడుస్తోంది."

"వద్దులే అన్నయ్యా" అంది, చెప్పులు వేసుకుంటూ. "రెండింటికి బస్సుంది."