లోర్నా అక్క పొలంలో రాతిగోడ

ఎవరైనా దయ్యాల మాటెత్తితే మా ఇంట్లో ముందు నవ్వేది నేనే. గుంటూరులో నర్సింగ్ చదివే రోజుల్లో మా హాస్టల్ మార్చురీ పక్కనే ఉండేది. ఒక్కరోజు కూడా భయపడలేదు. ఇప్పటికీ వాటిని నమ్మను. అయినా ఇది రాస్తున్నాను.

డబ్లిన్ పక్కన స్వోర్డ్స్‌లో వృద్ధుల నర్సింగ్ హోమ్‌లో పనిచేస్తాను. నాతోపాటు లోర్నా అనే ఫిలిప్పీన్స్ నర్సు ఉండేది. నాకంటే పన్నెండేళ్లు పెద్దది. అక్కా అని పిలిచేదాన్ని.

టీ బ్రేక్‌లో ఎప్పుడూ తన ఊరి గురించే చెప్పేది. బాగియో. అయిదు వేల అడుగుల ఎత్తున, పైన్ చెట్ల మధ్య ఉంటుందట. ఒకప్పుడు కొండజనం పశువులు మేపుకున్న నేల. మనీలా ఎండలకు తాళలేక అమెరికన్ దొరలు అక్కడ ఊరు కట్టించుకున్నారట. చుట్టుపక్కల బంగారు గనులు. వాళ్ల నాన్న గనిలోనే చేశాడు. గని మూతపడ్డాక కొండవాలును మెట్లు మెట్లుగా చదును చేసి, రాతిగోడలు పేర్చి క్యాబేజీ వేశారు. ఆ క్యాబేజీ లారీల్లో మలుపులు తిరుగుతూ మనీలాకు దిగితేనే ఇల్లు గడిచేది.

"మేఘం ఇంట్లోకొచ్చి కూర్చుంటుంది, ఉతికిన బట్టలు ఆరవు" అని నవ్వేది. అక్క ఇక్కడుంటే అక్కడ పొలం చూసుకునేది కూతురు జాయ్.

కోవిడ్ మొదటి ఏడాది ఏప్రిల్‌లో మా పాపకు జ్వరమొచ్చింది. రెండు రోజులు నా డ్యూటీ అక్క చేసింది. ఆ వార్డులోనే కోవిడ్ బయటపడింది. మూడు వారాలకు అక్క పోయింది. శవపేటిక ఉన్న కారు మా నర్సింగ్ హోమ్ గేటు ముందు కాసేపు ఆగింది. మాస్కులు పెట్టుకుని దూరం దూరంగా నిలబడ్డాం. అంతే, చివరిచూపు కూడా లేదు.

జూలైలో పాట్ అనే పెద్దాయన కొత్తగా చేరాడు. కావన్ జిల్లా వైపు రైతు. చూపు పోయింది. జీవితంలో విమానం ఎక్కలేదు. లోర్నా అక్క ఎవరో ఆయనకు తెలియదు.

ఒకరోజు మధ్యాహ్నం అన్నం తినిపిస్తుంటే అడిగాడు. "ఆ కుర్చీలో కూర్చుని ఏడుస్తోందే, ఆవిడెవరమ్మా?"

కుర్చీ ఖాళీగా ఉంది. ఆయన సంతోషం కోసం "ఏమంటోంది?" అన్నాను.

"వాళ్ల ఊళ్లో ఒకటే వానట. పై మడి రాతిగోడ కూలిందట. లారీలు రాక క్యాబేజీ కుళ్లిపోతోందట. ఆ పిల్ల ఒక్కతే రాళ్లు మోస్తోందట. ఎవరినైనా సాయం పంపమంటోంది."

స్పూను నా చేతిలోనే ఉండిపోయింది.

ఇంటికొచ్చి చెబితే మా ఆయన, "ఎవరో ఒకళ్లు ఆయన దగ్గర అనుంటార్లే. నువ్వు బెంగపెట్టుకోబాక" అన్నాడు. కావచ్చు. క్యాబేజీ సంగతి ఎవరైనా చెప్పి ఉండొచ్చు. గోడ కూలిందని ఎవరు చెబుతారు?

మర్నాడు ఉదయం జాయ్‌కి వీడియో కాల్ చేశాను. పొలంలో గోడ బాగుందా అని మాత్రమే అడిగాను. జాయ్ ఫోన్ పొలం వైపు తిప్పింది. పై మడి గోడ జారి కింద మడిలో పడి ఉంది. మూడు రోజులైందట. లాక్‌డౌన్‌లో కూలీలు దొరకలేదట. ఎవరికీ చెప్పలేదట. రెండు చేతులకూ గుడ్డలు చుట్టుకుని ఉంది.

"మీకెలా తెలిసింది ఆంటీ?"

ఉన్నదున్నట్టు చెప్పాను. ఆ డ్యూటీ నాదని కూడా చెప్పాను. ఏడ్చింది, కానీ నన్నేమీ అనలేదు. "అమ్మ నా గురించి ఇంకేమైనా అందా?" అని అడిగింది. కనుక్కుని చెబుతానన్నాను. పట్టుబట్టి వాళ్ల చర్చి నంబరు తీసుకుని ఫోన్ చేశాను. ఆ వారంలోనే చర్చివాళ్లొచ్చి గోడ నిలబెట్టారు.

జాయ్‌తో మాట్లాడిన రోజే, డ్యూటీ ఎక్కగానే పాట్ దగ్గరికెళ్లాను.

"ఏ ఆవిడ?" అన్నాడు. కుర్చీ గురించి గుర్తుచేశాను. "ఇక్కడికెవరూ రారమ్మా" అన్నాడు. సెప్టెంబరులో నిద్రలోనే పోయాడు. అప్పటిదాకా ఆ మాట మళ్లీ ఎత్తలేదు.

ఆయనకు ఆ సంగతి ఎలా తెలిసిందో ఈరోజుకీ నాకు అంతుపట్టలేదు. అన్నవి అన్నట్టే రాశాను. జాయ్‌కి మాత్రం, పాట్‌ని అడిగిన రోజు సాయంత్రం, "నిన్ను చూస్తే గర్వంగా ఉందంది మీ అమ్మ" అని చెప్పాను.

ఆ ఒక్క మాట పాట్ అన్నది కాదు.