మూడడుగుల మక్కచేను

సిరిసిల్లలో జిరాక్స్, ప్రింటింగ్ షాపు పెట్టిన కొత్తలో నాకు ఒక పంతం ఉండేది. వచ్చిన మనిషిని "కాదు" అని పంపకూడదు. కరీంనగర్‌లో కంప్యూటర్ నేర్చుకున్నప్పటి నుంచి యంత్రం నాకు లొంగకపోవడమన్నది లేదు. ఆ ధీమాతోనే కూర్చున్న ఒక మధ్యాహ్నం, ఒకామె చంకలో కాగితాల చుట్ట పెట్టుకుని వచ్చింది. నాకంటే పదేళ్లు పెద్దదై ఉంటుంది. కొంగు నిండా నూలు పీచు అంటుకుని ఉంది. మరమగ్గాల షెడ్డులో కండెలు చుట్టే పని చేస్తానని చెప్పింది.

"చెల్లే, గీ బొమ్మను గింతే సైజుల తీస్తవా? జర గూడ తగ్గొద్దు, పెరుగొద్దు."

చుట్ట విప్పింది. పాత క్యాలెండర్ కాగితాలను వెనక్కి తిప్పి, ఇంటి దగ్గరే మైదాపిండితో ఒకదానికొకటి అతికించి పెట్టుకుంది. వాటి మీద సన్నటి గళ్లు గీసి, ఒక్కో గడినీ రంగు పెన్సిలుతో నింపింది. అది చీర అంచు. నాలుగంగుళాల వెడల్పు, మూడడుగుల పొడుగు. ఎడమ చివర మక్క మొలక, ఆ పక్కన మోకాలెత్తు మొక్క, తర్వాత పీచు వేలాడే లేత కంకి, కుడి చివర పొట్టు ఒలిచిన ముదురు కంకి. గింజకో గడి.

"ఎవరు గీసిన్రు?" అన్నాను.

"నేనే. బడికి ఐదు దాకనే పోయిన, గని గళ్లు లెక్కబెట్టుడు వస్తది. అంచు బొమ్మ మగ్గానికి ఎక్కాలంటే చిల్లుల అట్టలు గావాలె. అవి కొట్టే ఆయన, బొమ్మ సాఫుగ, అసలు కొలతల ఉంటేనే చూస్త అన్నడు. కొలత చూసే పోగులు లెక్కగడతడట."

ఇళ్ల ప్లాన్లు తీసే పెద్ద మిషన్ కరీంనగర్‌లో ఉందని చెప్పి పంపేయొచ్చు. కానీ అరపూట సెలవు అడగడానికే ఆమెకు వారం పట్టిందట. "కూసో అక్కా" అని కుర్చీ జరిపాను.

బొమ్మను నాలుగు ముక్కలుగా స్కాన్ చేసి కంప్యూటర్‌లో కలిపాను. అతుకుల దగ్గర గడి గడికీ సరిపోయిందో లేదో ఆమే తెర మీద వేలు పెట్టి చూసింది. పేజీ సైజు ఆరంగుళాల వెడల్పు, నలభై అంగుళాల పొడుగు పెట్టాను. తెలిసిన ఇంజనీరు దగ్గర తెచ్చుకున్న రోల్ కాగితం ఉంటే అదే కొలతకు కోసి ప్రింటర్ వెనక పెట్టాను. ప్రింట్ కొట్టాను.

అడుగు దాటిందో లేదో ప్రింటర్ ఆగి, మిగతా కాగితాన్ని తెల్లగా బయటకు తోసేసింది.

"మొలకొచ్చింది, కంకి రాలే" అందామె.

తప్పెక్కడుందో వెంటనే అర్థమైంది. పొడుగు కాగితమని నేను బొమ్మకు చెప్పాను గానీ ప్రింటర్‌కు చెప్పలేదు. దాని లెక్కలో అది ఇంకా మామూలు ఏ ఫోర్ కాగితమే. ప్రింటర్ సెట్టింగుల్లోకి వెళ్లి, సొంతంగా సైజు రాసుకునే చోట ఆరు, నలభై అని కొట్టాను. అంత చిన్న కాగితం కుదరదంది. ఇదేం తిక్క అనుకున్నాను. ఒక నిమిషం చూస్తే, అక్కడ కొలత సెంటీమీటర్లలో ఉంది. అంగుళాలకు మార్చి, ఆ సైజుకు "అంచు" అని పేరు పెట్టి భద్రం చేశాను.

ఈసారి బొమ్మ మొత్తం వచ్చింది, మొలక నుంచి కంకి దాకా. నేను లేచి నిలబడ్డాను కూడా. ఆమె మాత్రం ప్రింటును తన కాగితం పక్కన పరిచి, కంకి మీద వేళ్లు పెట్టి కొలుచుకుంది.

"కాదు చెల్లే. గింజలు నలిగినయి."

"అట్లనే ఉన్నయి గదక్కా!"

"నీకట్ల కనవడుతుంది. టేపు వెట్టి చూడరాదు?"

టేపు పెట్టి చూస్తే పొడుగులో అంగుళానికి పైగా తగ్గింది. ఆమె వేళ్లు పట్టుకున్నదాన్ని నా కళ్లు పట్టుకోలేకపోయాయి. కొంచెం సిగ్గేసింది, దానికంటే ఎక్కువ పట్టుదల వచ్చింది. కొత్త సైజు పెట్టినప్పుడు, బొమ్మను కాగితంలో ఇమిడేలా కుదించమనే గడిలో టిక్కు దానంతటదే పడింది. చుట్టూ ఖాళీ వదలడానికి ప్రింటర్ బొమ్మను తగ్గించేసింది. టిక్కు తీసి, అసలు సైజు, నూటికి నూరు అని పెట్టాను.

ఇక అడ్డేముంది అనుకుంటుంటే, కుదించకుండా కొట్టమనేసరికి కాగితం సైజు కలవడం లేదని ప్రింటర్ చిన్న తెర మీద ఎర్ర అక్షరాలు. దాని తెరలో కూడా కాగితం సైజు విడిగా చెప్పాలట. అదీ మార్చాను. బొమ్మకు, కంప్యూటర్‌లోని సెట్టింగుకు, ప్రింటర్ తెరకు, మూడింటికీ ఒకే మాట చెబితే గానీ అది మాట వినదని ఆ రోజు తెలుసుకున్నాను.

మిగిలింది కాగితం. పొడుగు తోక బరువుకు వంకరగా లోపలికి పోతోంది. నేను పట్టుకోబోతే ఆమె నా చెయ్యి తప్పించింది.

"గుంజకు. నువ్వు వదులు, నేను వట్టుకుంట."

రెండు చేతుల వేళ్ల మీద కాగితాన్ని ఆనించి నిలబడింది. లాగలేదు, నెట్టలేదు. నూలు పోగుకు దారి ఇచ్చినట్టు ఇస్తూ పోయింది. కాగితం ఒక్క వెంట్రుకవాసి పక్కకు జరగలేదు. ఈసారి ఆమె కొలిచి చూసుకుని, ప్రింటును చుట్టుకుని కొంగులో పెట్టుకుంది. గడప దాటాక వెనక్కి తిరిగి నవ్వింది.

పది రోజులకు మళ్లీ వచ్చింది. ముఖం చూస్తే పని అయిందో లేదో తెలియలేదు.

"అంత పొడుగు బొమ్మకు అట్టలు శానా వడతయట. ఒక్క ముక్కనే తీసుకుంటనన్నడు అట్టలాయన. ముదురు కంకి ఇయ్యి, అమ్ముడువోతది అన్నడు."

"మరి ఇచ్చినవా?"

"ఇయ్యలే. లేత కంకి అయితేనే ఇస్త అన్న. ముదురు కంకి ఎవరైన గీస్తరు. పీచు గీసుడు నాకు నెల వట్టింది."

"ఒప్పుకున్నడా?"

"ముందు కోపానికొచ్చిండు. మల్ల నీ ప్రింటును కిటికీ కాడికి తీస్కపోయి శానాసేపు చూసిండు. పీచుల గళ్లు లెక్కబెట్టి, సరే తియ్ అన్నడు."

ఆ ముక్కను విడిగా తీసివ్వమని అడగడానికే వచ్చింది. సైజు అప్పటికే భద్రం చేసి ఉంది కాబట్టి పొడుగు ఒక్కటే మార్చాను. మొదటిసారికే సరిగ్గా వచ్చింది. ఆమె టేపు అడగలేదు.

ఆ అంచు మగ్గం ఎక్కిన రోజు నన్ను పిలిచింది. షెడ్డులో ఆ మోతకు మాట వినపడదు. నా మణికట్టు పట్టుకుని మగ్గం దగ్గరికి తీసుకుపోయింది. ఆకుపచ్చ నేత మీద పసుపు దారంతో లేత కంకి, దాని పీచు, మళ్లీ కంకి, మళ్లీ పీచు. ఆమె నా చెవి దగ్గరికి వంగి గట్టిగా అరిచింది.

"చెప్పిన గద, గింజలు నలగొద్దని!"