కూర్చున్నామె, నిలబడినామె

నా చిన్నప్పుడు మా ఇంట్లో గోడకు ఒకే ఒక్క ఫోటో ఉండేది. అందులో ఇద్దరు ఆడపిల్లలు. ఒకామె కుర్చీలో కూర్చుని ఉంటుంది. ఇంకొకామె ఆ కుర్చీ మీద చెయ్యి వేసి నిలబడి ఉంటుంది. వెనక తెర మీద రంగులతో వేసిన మెట్లు, ఒక పూలకుండీ. పెళ్ళిళ్ళు కాకముందు మా అవ్వ తన కూతుళ్ళిద్దరినీ జమ్మలమడుగుకు పిలుచుకుపోయి తీయించిందట. ఫోటో దిగితే ఆయుష్షు తగ్గుతుందని నమ్మే కాలం అది. కూతుళ్ళ మీది మురిపెం ఆ భయాన్ని గెలిచిందో, లేక ఊళ్ళో ఇంకెవరో దిగారని పంతం పట్టిందో, ఇప్పుడు చెప్పేవాళ్ళు ఎవరూ లేరు.

నిలబడినామె మా అమ్మ. కూర్చున్నామె మా అమ్మకు అక్క, అంటే నాకు పెద్దమ్మ. నేను పుట్టిన కొన్నాళ్ళకే జ్వరం వచ్చి పోయిందని చెప్పేవారు. నాకు తెలిసింది అంతవరకే. పెద్దల అమావాస్య నాడు మా అమ్మ ఆ ఫోటోను కిందికి దింపి, అద్దం తుడిచి, కుంకుమ భరిణె నా చేతికిచ్చేది. కూర్చున్నామె నుదుటి మీద సరిగ్గా పడేట్టు నేనే బొట్టు పెట్టాలి. తను పెట్టేది కాదు. ఎందుకని నేనెప్పుడూ అడగలేదు. పిల్లలకు పని చేతికిచ్చారన్న గొప్పే గాని, అది తమకే ఎందుకిచ్చారన్న ధ్యాస ఉండదు.

మా నాయన ప్రొద్దుటూరులో ఒక పత్తి మిల్లులో గుమాస్తా. నేను చంకలో పిల్లగా ఉన్నప్పుడే మేము పల్లె విడిచి వచ్చేశాం. కాబట్టి మా వీధిలో మా పాత సంగతులు తెలిసినవాళ్ళు లేరు. ఎప్పుడైనా చుట్టాలు వస్తే మా అమ్మ వాళ్ళను ముందు వంటింట్లోకి పిలుచుకుపోయి, నీళ్ళిచ్చి, ఏదో మెల్లగా మాట్లాడి, ఆ తర్వాతే వసారాలోకి పంపేది. అది మర్యాద అనుకునేదాన్ని.

మా పక్కిల్లు బట్టలు కుట్టే సాయిబుగారిది. ఆయన పెద్దకూతురు టీచరు ట్రైనింగు చదువుతుండేది. నాకు ఆమె అక్క, మా అమ్మ ఆమెకు అత్త. పొద్దున లేస్తే ఇటు కూర అటు, అటు కూర ఇటు. ఇంగ్లీషు చెప్పేటప్పుడు తెలుగు మాట ఒక్కటి కూడా కలపకూడదని, అంతా బొమ్మలు చూపించి నేర్పాలని ట్రైనింగులో ఆమెకు గట్టిగా చెప్పారట. పరీక్షలోపల అలవాటు చేసుకోవడానికి ఆమెకు ఒక శిష్యురాలు కావలసి వచ్చింది. అప్పుడే ఫస్టు ఫారంలో, అంటే ఆరో తరగతిలో, చేరి నాలుగు ఇంగ్లీషు ముక్కలు నేర్చుకుంటున్న నేను దొరికిపోయాను. బొమ్మలు మాత్రం దొరకలేదు. వాళ్ళింట్లో మనుషుల ఫోటోలు గోడకు పెట్టరు. అందుకని మా ఫోటో మీద ఆమె కన్ను పడింది.

ఒక ఆదివారం మధ్యాహ్నం మా వసారాలో పాఠం మొదలైంది. ఫోటోను ముక్కాలి పీట మీద గోడకు ఆనించి, అక్క పేము బెత్తం పట్టుకుని నిలబడింది. తెలుగు కలపకూడదన్న నియమం వల్ల ఆమె పడిన పాట్లు తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. 'బిహైండ్' అంటే ఏమిటో చెప్పడానికి స్తంభం వెనక దాక్కునేది. 'స్టాండింగ్' అని ఫోటో చూపిస్తే నన్ను లేవమంటోందనుకుని నేను లేచి నిలబడ్డాను. లెఫ్టు, రైటు అయ్యాయి. సిట్టింగు, స్టాండింగు అయ్యాయి. తర్వాత ఒకరితో ఒకరిని పోల్చడం. నిలబడినామె కూర్చున్నామె కంటే 'టాలర్' అని చెప్పమంది. కూర్చున్నామె లేచి నిలబడకుండా ఎవరు పొడుగో ఎట్లా తెలుస్తుందని నేను తెలుగులోనే అడ్డం తిరిగాను. గడప దగ్గర కూర్చుని చేటతో జొన్నలు చెరుగుతున్న మా అమ్మ తల ఎత్తకుండానే, తన కంటే తన అక్కే పొడుగని చెప్పింది. ఫోటోను నమ్మి పోలిస్తే పొరపాటు పడతామన్న సంగతి నాకు ముందు అక్కడ తెలిసింది.

తర్వాత అక్క వాళ్ళింటి నుంచి చిన్న అద్దం తెచ్చి నా చేతికిచ్చింది. 'లుక్ లైక్' నేర్పడానికి ఆమె కనిపెట్టిన ఉపాయం అది. అద్దంలో నన్ను నేను చూసుకోవాలి, ఫోటో చూడాలి, నాది ఎవరి పోలికో చెప్పాలి. నేను తల్లి పేరు చెబుతానని ఆమె అనుకుని ఉంటుంది. నేను మాత్రం ఒళ్ళు దగ్గర పెట్టుకుని పోల్చాను. నా గడ్డం మీద సొట్ట ఉంది. కూర్చున్నామెకూ ఉంది. నా కనుబొమ్మలు మధ్యలో కలుస్తాయి. ఆమెవీ కలుస్తాయి. నిలబడినామె నుదురు వెడల్పు, నాది ఇరుకు. ఎన్నోసార్లు బొట్టు పెట్టిన ముఖమే, అయినా నేను దాన్ని చూడడం అదే మొదటిసారి. 'ఐ లుక్ లైక్ మై' అని అక్కడ ఆగిపోయాను. పెద్దమ్మను ఏమంటారో తెలియదు. అక్క అందించింది. 'ఐ లుక్ లైక్ మై ఆంట్' అని గట్టిగా చెప్పాను. అక్క 'వెరీ గుడ్' అంది.

మా అమ్మకు ఇంగ్లీషు రాదు. నేనేమంటున్నానో అడిగింది. అక్క నియమం మరిచిపోయి, నాది పెద్దమ్మ పోలికంట అని సంతోషంగా చెప్పింది. చేట ఆగింది. మా అమ్మ అడిగింది.

"పెద్దమ్మను ఇంగ్లీషులో ఏమంటారు పాపా?"

"ఆంట్ అంటారత్తా."

"మరి చిన్నమ్మను?"

"అదీ ఆంటే. మేనత్తా ఆంటే. అందరికీ ఒకటే మాట."

"అయితే ఆ మాటలో అమ్మ యాడుండాది?"

అక్క నవ్వుతూ, ఇంగ్లీషోళ్ళు అట్లా పెట్టుకోలేదత్తా అంది. మా అమ్మ చేట పక్కన పెట్టి లోపలికి పోయింది. ఎంతసేపటికీ రాలేదు. అక్కకు ఏదో తేడా అనిపించినట్టుంది, అద్దం తీసుకుని వెళ్ళిపోయింది.

పొద్దు వాలుతుండగా మా అమ్మ వచ్చి నా పక్కన కూర్చుంది. ఫోటోను ఒళ్ళో పెట్టుకుంది. ఆమె మెడలో నల్లపూసలతో పాటు ఒక చిన్న బంగారు బిళ్ళ ఉండేది. ఎప్పుడూ రవికెలోపలే వేసుకునేది. కొత్త చీర కట్టేముందు దాన్ని ఆ బిళ్ళకు తాకించేది. అమ్మవారి బిళ్ళ కాబోలనుకునేదాన్ని. ఇప్పుడు దాన్ని పైకి తీసి నా అరచేతిలో పెట్టింది. వెచ్చగా ఉంది. భార్య పోయిన ఇంటికి రెండో పెళ్ళిగా వచ్చినామె, పోయినామె గుర్తుగా మెడలో వేసుకునే బిళ్ళ అది. మా వైపు ఆచారం. ఆ సంగతి నాకు అప్పుడే తెలిసింది.

"ఇది మీ అమ్మ పాపా," అంది. "కుర్చీలో కూచున్యాది మీ అమ్మ. నేను నీకు చిన్నమ్మను."

తర్వాత ఆమె చెప్పినదంతా నెమ్మదిగా, ఫోటో వైపు చూస్తూనే చెప్పింది. తన అక్క పోయిన తర్వాత పసిబిడ్డనైన నా కోసం తనను మా నాయనకిచ్చారు. మొదట దాచాలని ఎవరూ అనుకోలేదు. నాకు మాటలు వచ్చినప్పుడు మొట్టమొదట తనను చూసి అమ్మా అన్నానట. కాదు, చిన్నమ్మా అను అని దిద్దడానికి ఆమెకు నోరు రాలేదట. రేపు చెబుదాం, కొంచెం పెద్దదైనాక చెబుదాం అనుకుంటూ పోయింది. ఆనాటి నుంచి ఆమెను పీడించిన బాధ ఒకటే. తన అక్కకు రావలసిన పిలుపు తను తీసేసుకుంది.

"మన మాటలో పెద్దమ్మ అన్నా అందులో అమ్మ ఉండాది గదా. మా అక్కకు నీ నోటెంబడి ఆ మాట అట్లయినా పోతాందిలే అని ఇన్నాళ్ళూ ధైర్యంగా ఉంటి. నువ్వీ పొద్దు అన్న దాంట్లో అదీ ల్యా." ఫోటో అద్దం కొంగుతో తుడిచి, "నీ ఇష్టమొచ్చినట్టు పిలువు పాపా. చిన్నమ్మా అన్నా పలుకుతా," అంది.

నేను ఏడ్చాను. ఎవరి కోసం ఏడ్చానో అప్పుడు తెలియలేదు. పొద్దున లేచేసరికి తల్లి లేని పిల్లను కాను, సాయంత్రానికి అయ్యాను. ఎన్నడూ ఎరగని మనిషి మీద అంత దుఃఖం ఎక్కడి నుంచి వచ్చిందో! పక్కన కూర్చున్న మనిషి కూడా కొంచెం దూరంగా జరిగిపోయినట్టు అనిపించింది. ఆమె ఏమో ఒళ్ళోని ఫోటో జారకుండా ఒక చేత్తో పట్టుకుని, ఇంకో చెయ్యి నా వీపు మీద వెయ్యాలా వద్దా అని తడబడుతోంది. అంతకుముందు ఏనాడూ అట్లా తడబడలేదు. ఆ చెయ్యి నాకు ఇప్పటికీ గుర్తొస్తుంది.

మా నాయన వచ్చి, మా ముఖాలు చూసి, అన్నం తిని బయట కూర్చున్నాడు. మరుసటి రోజంతా నేను ఆమెను ఏమనీ పిలవలేదు. నీళ్ళు కావాలంటే చెంబు తీసుకుని నేనే పోయాను. అమ్మా అంటే పోయినామెకు అన్యాయం. చిన్నమ్మా అంటే ఈమె పలుకుతుంది, కాని ముఖం ఎట్లా పెట్టుకుని పలుకుతుందో చూడలేను. ఆమె ఏ పని చేస్తున్నా చెవి నా వైపే ఉందని నాకు తెలుస్తూనే ఉంది.

ఆ సాయంత్రం నేను బడి నుంచి రాగానే అక్క మళ్ళీ వచ్చింది. మా అమ్మ దగ్గర సంగతంతా విన్నట్టుంది, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఫోటోను మళ్ళీ పీట మీద పెట్టి, ఈసారి బెత్తం లేకుండా నా పక్కన కింద కూర్చుంది. మొదట తెలుగులోనే మాట్లాడింది.

"నిన్న నేను నీకు చెప్పిన మాట ఈ పటానికి చాలదు మే. ఇంకోటి చెప్తా, నేర్చుకో."

ఇంగ్లీషులో ఒకే మనిషి గురించి చెప్పడానికి రెండు మాటలున్నాయంది. ఉన్నవాళ్ళకు 'ఈజ్', పోయినవాళ్ళకు 'వాజ్'. రెండూ నిజమే, ఒకటి ఇంకొకదాన్ని కొట్టేయదు. కూర్చున్నామె మీద నా వేలు పెట్టించి, 'దిస్ వాజ్ మై మదర్' అనిపించింది. నిలబడినామె మీదికి వేలు జరిపి, 'దిస్ ఈజ్ మై మదర్' అనిపించింది. మళ్ళీ మళ్ళీ అనిపించింది. ఫోటో అద్దం చల్లగా వేలికి తగులుతోంది. అంటున్నకొద్దీ నా మాట కొంచెం కొంచెం గట్టిగా వచ్చింది. ఇద్దరికీ చోటుంది. ఒకరిని లేపి ఒకరిని కూర్చోబెట్టనక్కర్లేదు.

గడప దగ్గర నుంచి మా అమ్మ గొంతు వినిపించింది. నిన్నటి మాటే, కాని నిన్నటి కంటే మెల్లగా.

"ఏమంటాంది పాప?"

అక్క నన్ను చెప్పమన్నట్టు చూసింది. నేను తెలుగులో చెప్పబోయి ఇరుక్కుపోయాను. 'వాజ్'నూ 'ఈజ్'నూ ఏమనాలో తెలియలేదు. మన మాటలో ఆ చోట వాటి పనే లేదు. ఈమె మా అమ్మ అంటే చాలు, ఉన్నా పోయినా అదే మాట. అందుకే వేలు ఒకరి మీది నుంచి ఒకరి మీదికి జరుపుతూ అట్లాగే చెప్పాను.

"ఈమె మాయమ్మ. ఈమె మాయమ్మ. అంతే అంటాండానమ్మా."

చివరి అమ్మా నేను ఎంచుకుని అన్నది కాదు, నోటికి అలవాటై వచ్చేసింది. మా అమ్మ కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుని గోడ వైపు తిరిగింది. అక్క నా వీపు తట్టి, పాఠం అయిపోయిందని లేచింది.

ఆ తర్వాత నేను కూడా టీచరునయ్యాను. పులివెందులలో ఆడపిల్లల బడిలో ఇంగ్లీషు చెప్పాను. ఫోటో చూపించి అందులోని వాళ్ళ గురించి చెప్పమనడం నాకు ఇష్టమైన పాఠం. పోయిన తాతకు 'ఈజ్' వాడిన పిల్లల పుస్తకాల్లో ఎర్ర సిరాతో 'వాజ్' అని దిద్దుతూనే ఉన్నాను. అక్క పెళ్ళి చేసుకుని కర్నూలు వైపు వెళ్ళిపోయింది. మళ్ళీ చూడలేదు.

మా అమ్మ కూడా పోయి చాలా కాలమైంది. బంగారు బిళ్ళ ఇప్పుడు నా దగ్గర ఉంది, ఫోటో కూడా. పెద్దల అమావాస్య నాడు అద్దం తుడిచి, ఇప్పుడు రెండు బొట్లు పెడతాను. కూర్చున్నామె మీద వేలు పెట్టి అక్క నేర్పిన మాట అంటాను. నిలబడినామె మీదికి వేలు జరుపుతాను. అక్కడ కూడా ఇప్పుడు 'వాజ్' అనాలి. నాకు తెలుసు, ఎంతమంది పిల్లలకు దిద్దానో. అయినా ప్రతి ఏడూ నా నోటికి 'ఈజ్' అనే వస్తుంది. ఆ ఒక్క తప్పునూ దిద్దకుండా అట్లాగే ఉంచుకున్నాను.