జగిత్యాలలో లేని హాస్టలు

నాకు ప్రశ్నలంటే మంట. ఈ మాట అంటే మా ఆయన నవ్వుతాడు. "నిన్నెవలు ఏమడిగిండ్రే?" అంటాడు. అదీ ప్రశ్నేనని ఆయనకు తట్టదు.

కోరుట్లలో మా ఇంటి గడప దాటాలంటే మూడు జవాబులు చెప్పాలి. ఏడికి, ఎందుకు, ఎప్పుడస్తవ్. అడిగేది మా అత్తమ్మ. ఒకప్పుడు పొద్దంతా బీడీలు చుట్టిన మనిషి, ఇప్పుడు చేతులకు పనిలేక ముందు గదిలో మంచం మీద కూర్చుని వాకిలి చూస్తుంటుంది. చెడ్డదేం కాదు. ఆమె గానీ, ఎరువుల దుకాణంలో కూర్చునే ఆమె కొడుకు గానీ నా మీద ఒక్కనాడు చెయ్యెత్తలేదు. కొత్తిమీర కట్ట కోసం పోయినా ఆ మూడూ అడుగుతారు, అంతే. పెళ్ళయిన నాటి నుంచి చెబుతూనే ఉన్నాను. కొత్తిమీర ఎందుకో మనిషి ఎన్ని రకాలుగా చెప్పగలదు?

అందుకే రాయడం మొదలుపెట్టాను. మా గల్లీ అంతా చూసే సాయంత్రం సీరియల్ ఒకటి ఉంది. అందులో పెద్దకోడలిని ఎవరేమన్నా, ఎంత అన్నా, కళ్ళు తుడుచుకుని అందరికీ టీ పెడుతుంది. రెండేళ్ళు చూశాను. మూడో ఏడు నా ఓపిక చచ్చింది. ఫోన్‌లో ఎవరైనా కథలు రాసుకునే యాప్ ఉంటే, అందులో ఆ పెద్దకోడలిని తీసుకుని నా కథ నేను రాయసాగాను. అలా సీరియల్ మనుషులతో సొంత కథలు రాసేవాళ్ళు అందులో చాలామంది ఉన్నారు. పేరు పెట్టలేదు, ఫోటో పెట్టలేదు. మధ్యాహ్నం అన్నాలయ్యాక ఫోన్ పట్టుకుంటే, బిడ్డ స్కూల్ గ్రూపు చూస్తున్నానని ఇంట్లో అనుకుంటారు.

సీరియల్‌లో ఆ బంగళా ఏ ఊళ్ళో ఉందో ఎవరికీ తెలియదు. నేను దాన్ని సిరిసిల్లలో పెట్టాను. మా అమ్మగారిల్లు గంభీరావుపేట, రోజూ బస్సులో సిరిసిల్లకు పోయి డిగ్రీ చదివాను. రాస్తుంటే ఆ ఊరి మరమగ్గాల చప్పుడే చెవుల్లో పడుతుంది. పదకొండో పార్ట్‌లో మా పెద్దకోడలు పొద్దున్నే చాయ గిన్నె పొయ్యి మీద వదిలేసి, సిరిసిల్లలో బస్సెక్కి జగిత్యాలలో దిగింది. కొత్త బస్టాండు వెనక రెండో సందు. పసుపు గేటు. మేడ మీద ఆడవాళ్ళ హాస్టలు. దాన్ని నడిపే పిన్ని కొత్తగా వచ్చినవాళ్ళను ఏ ఊరు, ఎవరి భార్యవు, ఎందుకొచ్చినవ్ అని అడగదు. "తిన్నవా?" అంటుంది. ఆ ఒక్క మాట రాసి చాలాసేపు ఏడ్చాను. ఉల్లిగడ్డలు కోస్తున్నానని చెప్పాను.

ఇక చదివేవాళ్ళ సంగతి. నా కథకు చదివేవాళ్ళు బాగానే ఉన్నారు, కానీ వాళ్ళకు మెడ తిప్పి పక్కకు చూసే అలవాటు లేదు. ముప్ఫయ్యో పార్ట్ చదివి "చిన్నకోడలు ఎవరు అక్కా?" అంటారు. "సీరియల్ చూడలేదు, మొత్తం స్టోరీ చెప్పు" అంటారు. "మంగళవారం ఆమె కట్టిన చీర ఏ రంగు?" అంటారు. మొదట్లో ఓపిగ్గా చెప్పాను. తర్వాత ఎవరు ఎవరికి ఏమవుతారో అంతా కూర్చి మొదటి పార్ట్ పైన పెట్టాను. ఎవరూ తెరవలేదు. ప్రతి పార్ట్ మొదట్లో "పాత్రల పరిచయం మొదటి పార్ట్‌లో ఉంది" అని రాశాను. దాని కింద మొదటి కామెంట్, "పాత్రల పరిచయం ఎక్కడుంది అక్కా?"

మాలాగా రాసేవాళ్ళకు ఒక గ్రూపు ఉంది. అందులో కథల గురించి మాట్లాడుకునేది తక్కువ, చదివేవాళ్ళను తిట్టుకునేది ఎక్కువ. చేతిలో ఫోన్ ఉంది, అడిగితే ప్రపంచమంతా చెబుతుంది, అయినా మనల్నే తింటారేమని అందరి గోడు. ఇంట్లో ప్రశ్నలు పడలేక ఇక్కడికొస్తే ఇక్కడా అదే వరస. నాకు ఒళ్ళు మండిపోయేది.

అందరిలోకీ ఎక్కువ సతాయించింది గులాబీ బొమ్మ పెట్టుకున్న ఒకామె. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాసేది. హాస్టలు వచ్చిన దగ్గర్నుంచి ఆమె మరీ వదల్లేదు. "చిన్నపిల్లను తోల్కపోతే లోపటికి రానిస్తరా?" అని అడిగింది. నా పెద్దకోడలికి పిల్లలే లేరు. "ముందు కథ సరిగ్గా చదవండి" అని జవాబు పెట్టాను. "మొగడు అచ్చి అడిగితే ఉన్నదని చెప్తరా?" అంది. సీరియల్ మొగుడికి హాస్టలు సంగతే తెలియదు, అందుకని నేను పట్టించుకోలేదు. చివరికి, "హాస్టల్ పేరేంది అక్కా, కరెక్టుగ ఏడుంది?" అంది.

ఆ రోజు మా అత్తమ్మ నన్ను పాల ప్యాకెట్ గురించి పొద్దున్నుంచి నాలుగుసార్లు అడిగి ఉంది. ఆ కోపమంతా గులాబీ మీద తీర్చుకున్నాను. "కొత్త బస్టాండు వెనక అని రాశాను కదా. అన్నీ నేనే నోట్లో పెట్టాలా? ఫోన్ చేతిలోనే ఉంది, వెతుక్కోండి." దాని కింద చాలామంది నవ్వు బొమ్మలు పెట్టారు. నాకు కడుపు నిండినట్టయింది. ఆ హాస్టలు లేదు, నేను కల్పించాను అనే ఒక్క ముక్క మాత్రం రాయలేదు. రాయాలని తోచనే లేదు. కథ అంటే కథేనని ఎవరికి తెలియదు?

వారం దాటాక ఒక పొద్దున కూర కలుపుతుంటే యాప్‌లో మెసేజ్ వచ్చింది. గులాబీ.

"అక్కా జగిత్యాల బస్టాండ్ల ఉన్న. ఎనుక సందులన్ని తిరిగిన. పసుపు గేటు లేదు. ఆటో అన్నలకు గూడ ఎర్క లేదంటున్నరు. పాప ఉంది నాతోని."

మొదట వచ్చింది కోపమే, అబద్ధమెందుకు. ఇంత తిక్కదా ఈమె అనుకున్నాను. మెసేజ్ ఇంకోసారి చదివాను. పాప ఉంది అన్న చోట చేతిలో గరిటె ఆగిపోయింది. ఆమె అడిగినవన్నీ వరసగా గుర్తొచ్చాయి. ఒక్కటి కూడా నా పెద్దకోడలి గురించి కాదు.

"ఆడ్నే ఉండు. అస్తున్న" అని పెట్టాను.

రాయడం సులువు. బయటపడాలి కదా. పన్ను నొప్పి, జగిత్యాల పోవాలి అన్నాను.

"కోరుట్లల పండ్ల డాక్టర్లు లేరా?" అంది అత్తమ్మ.

"మన డాక్టరు ఇయ్యాల లేడంట."

"పొద్దుగాల లేని నొప్పి ఇప్పుడు ఏడికెళ్ళి అచ్చింది? ఒక్కదానివే పోతవా?"

నేను చెప్పులు వేసుకుంటుండగానే ఆమె కొడుక్కి ఫోన్ చేసింది. ఆయన ఫోన్ నాకిమ్మన్నాడు. కోపంగా ఏం లేదు. ఎప్పటిలాగే మెత్తగా, "అమ్మను తోల్కపో. ఒక్కదానివెందుకు?" అన్నాడు. ఆ మెత్తదనానికి ఎదురు చెప్పడం నాకు ఎప్పుడూ చేతకాలేదు. ఎవరైనా అరిస్తే తిరిగి అరవొచ్చు. "అత్తమ్మకు మోకాళ్ళ నొప్పులు, బస్సెక్కలేదు. మూడింటి లోపట అస్త" అని ఫోన్ ఆమె చేతిలో పెట్టి, ఆమె నోరు తెరిచేలోపు వాకిలి దాటాను. బస్టాండు దాకా వెనక్కి చూడలేదు. పద్నాలుగేళ్ళలో జవాబు పూర్తి చేయకుండా బయటికొచ్చింది అదే మొదటిసారి.

బస్సులో కూర్చుని, గులాబీని చేయమన్న పని నేను చేశాను. వెతికాను. అరగంటలో దొరికింది. ఆడవాళ్ళ కోసం జిల్లాలో ఒక సహాయ కేంద్రం ఉందట. ఎప్పుడైనా ఫోన్ చేయొచ్చట. కొన్నాళ్ళు ఉండనిస్తారట. ఇన్ని పార్టులు రాశాను, ఒక్కసారి కూడా నేనిది వెతకలేదు. వెతకని మనుషులని అందరినీ తిట్టిన దాన్ని.

ఆమెను గుర్తుపట్టడం కష్టం కాలేదు. చివరి బెంచీ మీద, ఒళ్ళో ప్లాస్టిక్ సంచి, పక్కన నాలుగేళ్ళ పిల్ల. పాతికేళ్ళు కూడా ఉండవు. పిల్ల బిస్కెట్ నాకుతోంది, తొందరగా అయిపోకూడదని. నన్ను చూడగానే లేచి నిలబడి, "పిన్ని నువ్వేనా అక్కా?" అంది.

"పిన్ని లేదు. హాస్టల్ గూడ లేదు. నేనే రాసిన."

ఆమెకు అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. "మరి ఆమె ఏడున్నట్టు?" అంది.

"ఎవలు?"

"పెద్దకోడలు."

"ఏడ లేదమ్మా."

ఆమె ఏడవలేదు, తిట్టలేదు. తిడితే బాగుండేది. సంచి బెంచీ మీద పెట్టి, "బస్సు ఫ్రీనే కదక్కా. ఆధార్ చూపెడ్తే ఎక్కనిచ్చిండ్రు. దిగినంక ఏడికి పోవాల్నో ఎవలు చెప్తలేరు" అంది. భర్త సాంచాలు నడుపుతాడట. సిరిసిల్లలో మరమగ్గాలను అలాగే అంటారు. పొద్దున డ్యూటీకి పోతే సాయంత్రం వస్తాడు. ఆమె ఇంట్లో మగ్గాల కోసం కండెలకు నూలు చుడుతుంది. మిగతాది ఆమె చెప్పలేదు, నేను అడగలేదు. పైట సర్దుకుంటుంటే మోచేతి మీద కమిలిన మచ్చ కనబడింది, చాలు.

నాకున్న సిగ్గంతా కోపంగా బయటికొచ్చింది. "ఒక్కసారి ఫోన్ల వెతికి చూడకపోయినవా? వెతుక్కో అని గంత చెప్పిన."

ఆమె నన్ను చిత్రంగా చూసింది. "ఫోన్ ఆయనది గూడ కదక్కా. ఏం వెతికినా అండ్ల పడి ఉంటది. రోజు చూస్తడు. తుడిస్తే ఎందుకు తుడిచినవ్ అంటడు. నీ కథ చదువుడు ఆయనకు ఎర్కనే, సీరియల్ కథ అని ఏమనడు. అందరు సీరియల్ గురించి అడుగుతుంటరు, నేను గూడ అండ్లనే అడిగిన. గా ఒక్క జాగల అడిగితేనే ఎవలకు అనుమానం రాదు. ఇయ్యాల మళ్ళ ఇంటికి పోననుకునే నీకు మెసేజ్ పెట్టిన."

నేను నవ్వు బొమ్మలు లెక్కపెట్టుకున్న జవాబు ఆమె ఎన్నిసార్లు చదువుకుని ఉంటుందో.

సహాయ కేంద్రం సంగతి చెప్పాను. ఉండనిస్తారన్నాను. ఎన్నాళ్ళు అంది. కొన్నాళ్ళు అన్నాను. "ఆయనతోని మాట్లాడుతరా?" అంది. మాట్లాడొచ్చేమో అన్నాను. ఆమె పిల్ల మూతి తుడిచింది. "పోదాం రా, నేనస్త" అన్నాను. బస్టాండు గడియారం వైపు చూసింది. నేనూ చూశాను, మూడింటి లోపల నేను ఇల్లు చేరాలి. నేను చూసింది ఆమె కనిపెట్టింది.

"ఇయ్యాల వద్దక్కా. ఇప్పుడు పోతే సాంచాలు బందయ్యే యాళ్లకు ఇంట్ల ఉంట. ఒక్క మెసేజే కదా, తుడిచేస్త."

మా ఇంటికి రా అనే మాట గొంతు దాకా వచ్చింది. ఏడికెళ్ళి తెచ్చినవ్, ఎవలామె, ఎన్ని దినాలు అని ఇంట్లో అడుగుతారు. ఆ జవాబులు నా దగ్గర లేవు. మాట అక్కడే మింగాను. నేను పిరికిదాన్ని, ఇంకో మాట లేదు.

నంబరు రాసిస్తానంటే వద్దంది. కాగితం ఆయనకు దొరుకుతుంది, ఫోన్‌లో పెట్టినా దొరుకుతుంది. సిరిసిల్ల బస్సు వచ్చాక పిల్లను ఎక్కించి, తాను మెట్టు మీద నిలబడి అంది. "కథల రాయక్కా. పెద్దకోడలు గా నంబర్‌కు ఫోన్ చేసినట్టు రాయి. నాకు కావల్సినప్పుడు తీసి చూసుకుంట."

రెండు రోజులకు రాశాను. పెద్దకోడలు పక్క గదిలోకి కొత్తగా వచ్చిన ఒక తల్లికి ఆ నంబరు చెబుతుంది. ఒకసారి కాదు, మూడుసార్లు చెప్పించాను. ఆ తల్లికి నాలుగేళ్ళ పిల్లను పెట్టాను. కథ ఎక్కడిదక్కడ ఆగింది. కామెంట్లలో బాగానే తిట్టారు. ఈ పార్ట్ బోర్ అన్నారు, నంబర్ల గోల ఏంది అన్నారు. గులాబీ ఏమీ అనలేదు. చదివిందో లేదో నాకు ఇప్పటికీ తెలియదు.

ఆ తిట్ల మధ్యలో, ఇంతకుముందు ఎప్పుడూ కామెంట్ పెట్టని ఎవరో అడిగారు. "ఈ నంబర్ నిజమైందేనా అక్కా? ఎత్తుతరా?"

ఈసారి వెతుక్కోండి అనలేదు. అత్తమ్మ కునుకు తీస్తుంటే దొడ్లోకి పోయి నంబరు నొక్కాను. రెండో రింగుకే ఎత్తారు. ఒక ఆడగొంతు, "చెప్పండమ్మా" అంది. కనుక్కోవడానికి చేశానని చెప్పి పెట్టేయొచ్చు. నేను పెట్టలేదు. మాట్లాడలేదు కూడా. ఆ గొంతు ఇంకోసారి, ఇంకా మెల్లగా, "చెప్పమ్మా, వింటున్న" అనేదాకా చెవికి ఆనించుకునే ఉన్నాను.

"నిజమే. ఎత్తుతరు. నేను చేసి చూసిన" అని ఆ కామెంట్ కింద జవాబు పెట్టాను. తర్వాత, ఎవలకు చేసినవ్ అని ఇంట్లో ఎవరూ అడగకుండా, ఆ నంబరును నా కాల్ లిస్టులోంచి తీసేసి లోపలికి పోయాను.