ప్రార్థన అంశం

ఎనభైల మొదట్లో మా తెలుగు సంఘం షామ్‌బర్గ్‌లో తెల్లవాళ్ళ చర్చి ఒకటి అద్దెకు తీసుకుని ఆదివారం మధ్యాహ్నాలు కూడుకునేది. నాకు డ్రైవింగ్ రాదు. నాతోపాటు హాస్పిటల్లో నర్సుగా చేసే అక్క తన కార్‌లో తీసుకెళ్ళేది. సొంత అక్క కాదు. అంతకంటే ఎక్కువ అనుకున్నాను, నా ఖర్మ.

ఆ ఏడు స్త్రీల ఆదివారం నాడు వాక్యం, అంటే ఆ పూట ప్రసంగం, చెప్పమని పాస్టరుగారు నన్నడిగారు. లైబ్రరీలో చదివిన ఒక నల్లజాతి స్త్రీ గురించి చెబుదామనుకున్నాను. ఆవిడ బానిసగా పుట్టింది. బయటపడ్డాక ఊరూరా తిరిగి బానిసత్వం పోవాలని మాట్లాడింది, ఆడవాళ్ళ హక్కులూ అడిగింది. ఆవిడకు ఒకటి కావాలంటే రెండోది వదులుకోవడం తెలియదు. అది నాకు భలే నచ్చింది.

చివర్లో నా మాట ఒకటి చేర్చాను. మా ఊరి చర్చిలో మా పేటవాళ్ళం చాపల మీద కూర్చునేవాళ్ళం, పెద్దకులాల నుంచి వచ్చిన విశ్వాసులు బెంచీల మీద. ఇక్కడ అందరికీ కుర్చీలే. కానీ పెళ్ళి సంబంధాల మాట వస్తే చాలు, ముందు ఇంటిపేరు అడుగుతారు.

కార్‌లో అక్కకు మొత్తం వినిపించాను. అక్కవాళ్ళది బెంచీల వైపు. అయినా కళ్ళు తుడుచుకుంది.

"దేవుడే పలికించాడు చెల్లీ. ఒక్క ముక్క కూడా కట్ చెయ్యకు" అంది.

శుక్రవారం గృహకూడిక. మావాళ్ళు ఒకరి గుట్టు బయటపెట్టాలంటే చాడీలు చెప్పరు, ప్రార్థన అంశం చేస్తారు. అందరం మోకాళ్ళ మీద ఉన్నాం. అక్క గొంతెత్తింది.

"తండ్రీ, మా మధ్య ఒక సహోదరి ఉంది. పాత సంగతులు తవ్వి సంఘంలో కులం చిచ్చు పెట్టాలని చూస్తోంది. ఆ చేదు వేరు పెరికివెయ్యి తండ్రీ."

అందరూ ఆమెన్ అన్నారు. నేనూ అన్నాను, గట్టిగానే. చిన్నప్పటి అలవాటు, నోరు ముందు అంటుంది, బుర్ర తర్వాత వింటుంది. ఆ సహోదరి నేనేనని తెలిసేసరికి మాట నోరు దాటిపోయింది.

మర్నాడు పాస్టరుగారు ఫోన్ చేశారు. "ఈసారి నువ్వు పాట పాడమ్మా. మెసేజ్ అక్కని ఇవ్వమన్నాం."

అక్క ఇచ్చింది. అన్నీ నా మాటలే, కార్‌లో నేను ఊపిరికి ఆగినచోటల్లా తనూ ఆగింది. బానిసత్వం గురించి చెప్పింది, ఆడవాళ్ళ హక్కుల గురించి చెప్పింది, చాపల దాకా రాకుండానే "దేవునికి స్తోత్రం" అని ముగించింది. ఆడవాళ్ళు ఏడ్చారు. ఇంకెవరి ఊళ్ళోనో జరిగినదానికి మావాళ్ళకు ఎంత కన్నీరో! నాకు ఒళ్ళు మండిపోయింది. నమ్మించి గొంతు కోయడమంటే ఏమిటో ఆ కుర్చీలో కూర్చుని నేర్చుకున్నాను. తర్వాత లేచి పాట పాడాను.

తిరుగు ప్రయాణం ఆ కార్‌లోనే. బయట మంచు కురుస్తోంది, ఇంకెలా వెళ్ళను? సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు అక్క నా చెయ్యి పట్టుకుంది.

"కోపమొచ్చిందా చెల్లీ? నీకోసం ఎంత ప్రే చేశానో తెలుసా?"

"తెలుసక్కా. ఆమెన్ అన్నాను కదా."

సిగ్నల్ మారింది. వెనక కార్‌వాడు హారన్ కొట్టేదాకా అక్క బండి కదిలించలేదు.