మా బిడ్డ ముక్కుకు తగిన బడి

వైన్ గురించి చదువుకోవడానికి మంచి బడి ఏదో తేల్చుకుందామని నేనూ, మా బిడ్డ మౌనికా మల్లాపూర్‌లో పొద్దున ఆరున్నర బస్సెక్కాం. నవ్వొస్తే నవ్వండి, మా ఊరివాళ్ళు అప్పటికే కడుపారా నవ్వేశారు. మా వైపు మందు దుకాణాల బోర్డు మీద 'వైన్స్' అని ఉంటుంది, లోపల వైన్ తప్ప అన్నీ దొరుకుతాయి. అందుకని మా బిడ్డ వైన్ చదువుతుందట అనగానే, దుకాణానికి టెండర్ ఎప్పుడు వేశారని అడిగినవాళ్ళే ఎక్కువ.

అసలు సంగతి ఇదీ. పెద్ద హోటళ్ళలో ఏ తిండికి ఏ వైన్ బాగుంటుందో అతిథులకు చెప్పడానికి, సీసాలు ఎంచి కొనడానికి, వాటిని చెడకుండా దాచడానికి ప్రత్యేకంగా చదువుకున్న మనుషులుంటారు. మౌనిక కరీంనగర్‌లో హోటల్ మేనేజ్‌మెంట్ డిగ్రీ చదివేటప్పుడే ఆ పని మీద మనసు పడింది. ఆ పని ఉంటుందని ఆమెకు చిన్నప్పుడు ఫోన్లో చెప్పింది నేనే. దుబాయిలో ఒక హోటల్ నేలమాళిగలో, వైన్ పెట్టెలు దాచే చల్లని గదిలో నేను చాలా ఏళ్ళు పనిచేశాను. పెట్టెలు మోశాను, సీసాలు సర్దాను, దుమ్ము తుడిచాను. ఒక్క చుక్క నోట్లో వేసుకునే వీలు మాత్రం లేదు. పైనుంచి ఆ చదువు చదివిన నల్లకోటు ఆయన దిగివచ్చి, గ్లాసులో కాస్త పోసుకుని, కళ్ళు మూసుకుని వాసన చూసేవాడు. ఆ ఒక్క నిమిషం ఆయన ఎక్కడికి పోయి వచ్చేవాడో తెలుసుకోవాలని నాకు మహా కోరికగా ఉండేది.

నాకు ఇంకో కోరిక కూడా ఉంది, దాన్నీ ముందే చెప్పేస్తాను. మౌనిక పుట్టిన ఏడాదే నేను దుబాయి పోయాను. నేను చూసిన మౌనిక అంతా సెలవుల మౌనిక. పోయిన దసరాకు శాశ్వతంగా ఇంటికొచ్చేసరికి ఆమె పైచదువుకు బట్టలు సర్దుకునే వయసుకొచ్చింది. అందుకని బడి ఏదైనా సరే, అది దగ్గర్లో ఉండాలని నా మనసులో గట్టిగా ఉంది.

బస్సులో పక్క సీటు తాత ఒళ్ళో గోనెసంచి పెట్టుకుని మమ్మల్ని చాలాసేపు చూశాడు. ఏం చదువు కోసం పోతున్నామని అడిగాడు. నాకంటే ముందే మౌనిక జవాబిచ్చింది.

"తాగేటియి మంచిగున్నయా లేవా చెప్పే సదువు, తాతా."

"గా పరీక్ష మా ఊర్ల మొగోళ్ళందరు ఎప్పుడో పాసైన్రు బిడ్డా" అన్నాడాయన. బస్సంతా నవ్వింది, మౌనిక కూడా నవ్వింది.

మెట్‌పల్లి మీదుగా కోరుట్ల చేరేసరికి ఎనిమిదయింది. బస్టాండు ఎదుట ఇడ్లీ తిని, చాయ్ తాగి, తొమ్మిదిన్నర దాకా కూర్చున్నాం. ఇక్కడ మేం చూడదలచిన శిక్షణ కేంద్రం ఒక సెల్‌ఫోన్ల దుకాణం పైన ఉంది. మెట్లెక్కుతుంటేనే ఏదో పడిన చప్పుడు వినిపించింది. లోపల గల్ఫ్ బార్లలో పనికి పోవడానికి తయారవుతున్నవాళ్ళు కొందరు ఖాళీ సీసాలు గాల్లోకి ఎగరేసి పట్టుకోవడం నేర్చుకుంటున్నారు. కింద పాత పరుపులు పరిచారు. బల్ల మీద సీసాల్లో ఎర్రనీళ్ళు, పచ్చనీళ్ళు ఉన్నాయి, రంగు కలిపినవి.

మాస్టరు నాలాగే గల్ఫ్ నుంచి వచ్చినవాడు. ఇక్కడ రుచి చూడటం, వాసన చూడటం ఎప్పుడు నేర్పుతారని మౌనిక అడిగింది. వేరేవాడైతే ఏదో ఒకటి చెప్పి ఫీజు కట్టించుకునేవాడే. ఆయన మాత్రం చేతిలో సీసా పక్కన పెట్టి నిజం చెప్పాడు.

"మేం చేతులకు నేర్పిస్తం అమ్మా. ముక్కుకు నేర్పేది మాకు రాదు. నువ్వు గిక్కడ చేరకు."

ఇలాంటి బడి వెతికేవాళ్ళకు నేను చెప్పేది కూడా ఇదే. గోడల మీద ఫోటోలు, విదేశీ జెండాలు చూసి మురిసిపోకండి. ముందు రుచి చూపిస్తారా అని అడగండి, ఆ తర్వాత పాత విద్యార్థులు ఇప్పుడు ఎక్కడ పనిచేస్తున్నారో అడగండి. ఆ మాస్టరు మాకు చాయ్ కూడా తెప్పించాడు.

పదకొండు గంటలకు జగిత్యాల బస్సు ఎక్కాం. నాకు టికెట్, ఆడవాళ్ళకు బస్సు ఉచితం కాబట్టి ఆధార్ కార్డు చూపించిన మౌనికకు సున్నా టికెట్. నా టికెట్ మీద మెత్తగా చేతితో తట్టి, ముసలివాళ్ళకు కూడా పెడతార్లే బాపు అని ఆటపట్టించింది. నేను ఇంకా ముసలివాణ్ణి కాలేదని వాదిస్తూ జగిత్యాల దాకా వచ్చాను. కొత్త బస్టాండు దగ్గర మా అక్క ఇల్లు. అన్నం తిని, ఎండ కాస్త తగ్గాక మూడింటికి కన్సల్టెన్సీ ఆఫీసుకు పోయాం.

ఇది హైదరాబాద్‌లో ఉన్న ఒక బడి తరఫున పిల్లల్ని చేర్చుకునే ఆఫీసు. చల్లటి గది, కింద మెత్తటి తివాచీ. టై కట్టుకున్న అబ్బాయి మేం అడిగినవాటికన్నిటికీ ఓపికగా జవాబులిచ్చాడు. బడిలో రుచి గది ఉంది, చెప్పేవాళ్ళు విదేశాల్లో పరీక్షలు రాసి వచ్చినవాళ్ళు, పాత విద్యార్థులు పెద్ద హోటళ్ళలో ఉన్నారు. ఇద్దరు ముగ్గురికి ఫోన్ చేసి మాతో మాట్లాడించాడు కూడా. శనివారం మధ్యాహ్నం బస్సెక్కితే మౌనిక రాత్రి అన్నం ఇంట్లోనే తింటుందని నేను లోపల లెక్క వేసుకుంటున్నాను.

అప్పుడు ఆ అబ్బాయి పొడుగుకాడ గాజుగ్లాసులో ద్రాక్షరసం పోసి మౌనిక చేతికిచ్చాడు. ఇది వైన్ అనుకుని ఎలా పట్టుకుంటారో, ఎలా చూస్తారో చూపించమన్నాడు. మౌనిక గ్లాసు అందుకుంది. అందుకుని, ఏమీ ఆలోచించకుండా వేలు ముంచి ఒక చుక్క కింద విదిలించింది. చుక్క తివాచీ మీద పడి ఎర్రగా పరుచుకుంది.

మా ఇళ్ళలో పండక్కి, పబ్బానికి ఆడవాళ్ళు, మగవాళ్ళు కల్లు తాగుతారు. తాగే ముందు పోచమ్మ తల్లి పేరు మీద, పోయిన పెద్దల పేరు మీద ఒక చుక్క నేలకు వదలాలి. దాన్నే సాక అంటాం. చేతికి తాగేది రాగానే వేలు దానంతటదే లోపలికి పోతుంది. దుబాయిలో చాయ్‌లో వేలు ముంచి కాల్చుకున్న మా వాళ్ళను నేను చూశాను.

అబ్బాయి ముందు నవ్వాడు, తర్వాత కాగితం తెచ్చి తివాచీ తుడిచాడు. "గిట్ల చేస్తే గెస్టులు నవ్వుతరు మేడమ్. ఊరి అలవాట్లు ఊర్లనే ఇడ్సిపెట్టి రావాలె" అన్నాడు. చెడుగా అనలేదు, మంచికే చెప్పాడు. మౌనిక సారీ చెప్పి గ్లాసు బల్ల మీద పెట్టేసింది, మళ్ళీ తీయలేదు. నేను మాత్రం చేరే తేదీ అడిగి, సోమవారం లోపు చెబుతామని చెప్పి వచ్చాను.

సాయంత్రం అక్క ఇంట్లో ఇదే మాట నడిచింది. ఆడపిల్లకు ఈ చదువేంటని మొదట సణిగిన అక్క, హైదరాబాద్ అనగానే మెత్తబడింది. ఆదివారం ఆదివారం వచ్చిపోవచ్చు కదా అంది. నేను తలూపాను. మౌనిక సర్వపిండి సగం తిని పక్కన పెట్టింది. ఆమెకు సర్వపిండి ఎంత ఇష్టమో నాకు ఫోన్లలో వినే తెలుసు.

మర్నాడు ఏడింటికి వేములవాడ బస్సెక్కి, అక్కడ దిగి సిరిసిల్ల బస్సు పట్టుకున్నాం. సిరిసిల్లలో బడి లేదు. నాసిక్ దగ్గర ద్రాక్షతోటల మధ్య ఉన్న ఒక బడిలో పాఠం చెప్పే శ్రీనివాస్ సార్ది ఈ ఊరు. మౌనిక ఆ బడికి ఫోన్ చేస్తే, చుట్టాల పెళ్ళికి ఇంటికొస్తున్నాను, వచ్చి కలవమని ఆయనే చెప్పాడట. నాసిక్ అంత దూరం ఎందుకని నాకు మొదటి నుంచీ గొణుగుడే. మాట ఇచ్చింది కాబట్టి తోడు వచ్చాను.

పదింటికి ఆయన ఇల్లు దొరికింది. వీధి పొడుగునా మరమగ్గాల చప్పుడు, మాట వినబడాలంటే కాస్త గొంతు పెంచాలి. శ్రీనివాస్ సార్ వాళ్ళది నేత ఇల్లు. వాళ్ళమ్మ మా కోసం స్టీలు గ్లాసులు తీసుకొస్తుంటే ఆయన వద్దని, సంచిలోంచి తువ్వాలలో చుట్టిన గాజుగ్లాసులు తీశాడు. ఒక సీసా మీద పేరు కనబడకుండా కాగితం చుట్టి ఉంది. అందులోంచి కాస్త పోసి మౌనికకిచ్చాడు. ఇది నిజమైన వైనే.

మౌనిక గ్లాసు పట్టుకుని ఆగింది. వేలు గ్లాసు అంచు దాకా పోయి వెనక్కి వచ్చింది. నిన్నటి తివాచీ ఆమెకు గుర్తొచ్చిందని నాకు తెలిసింది.

శ్రీనివాస్ సార్ చూశాడు. "ఎందుకు ఆగినవ్?" అన్నాడు.

"సాక పొయ్యబోయిన సార్. మా నాయినమ్మ నేర్పింది. ముందుగాల తల్లికి, మల్ల మనకు."

"అయితే పొయ్యి. గెస్టుల ముంగట ఎట్ల ఉండాలెనో నేను నేర్పుత. గిది మాత్రం మర్వకు" అన్నాడాయన. మౌనిక గచ్చు మీద ఒక చుక్క వదిలింది. వాళ్ళమ్మ కూడా చూసింది, ఆమెకు అది మామూలే.

తర్వాత మౌనిక గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని కళ్ళు మూసుకుంది. చాలాసేపు అలాగే ఉంది. ఏం వాసన వస్తుందో తోచింది చెప్పు, పుస్తకాల మాటలు వద్దు అన్నాడు సార్.

"గుమ్మి వాసన" అంది మౌనిక. "పాత గుమ్మి. వడ్లన్ని తీసినంక లోపలికి దిగితే వస్తది కదా, గది."

నేను లేచి వాకిట్లోకి పోయాను. ఎందుకో చెప్పాలి. దుబాయి పోయిన కొత్తలో ఒకసారి నేలమాళిగలో ఒక పెట్టె జారి ఎర్ర వైన్ సీసా పగిలింది. వంగి గాజు పెంకులు ఏరుతుంటే ఆ తడి నేల నుంచి మా ఇంటి గుమ్మి వాసన వచ్చింది. పేడ అలికిన వెదురు, అడుగున మిగిలిన వడ్లు, చీకటి. చిన్నప్పుడు నేను దాక్కునే చోటు అది. ఆ రోజు నేను అక్కడే కూర్చుని ఏడ్చాను. ఈ సంగతి మా ఇంట్లో ఎవరికీ చెప్పలేదు, మౌనికకు కూడా చెప్పలేదు. ఆమె నాయినమ్మ ఇంట్లో గుమ్మిలోకి దిగి ఆడుకున్న రోజుల్లో నేను ఈ దేశంలోనే లేను.

నేను లోపలికి వచ్చాక శ్రీనివాస్ సార్ నాకూ ఒక గ్లాసు ఇచ్చాడు. అన్నేళ్ళు మోసిన దాన్ని మొదటిసారి నోట్లో పోసుకున్నాను. చుక్క వదిలే తాగాను. పచ్చి నేరేడుకాయ నమిలినట్టు నోరంతా పట్టేసింది. నా మొహం చూసి తండ్రీబిడ్డల్లో బడికి ఎవరు రావాలో తెలిసిపోయిందని సార్ నవ్వాడు. తర్వాత వివరాలు చెప్పాడు. ఏడాది పైనే చదువు. కోతల కాలంలో తోటల్లో పని. ఇంటికి రావడం రెండు మూడు సార్ల కంటే కుదరదు. మౌనిక వస్తానంటే సీటు ఉంటుంది, సోమవారానికి చెప్పాలి. కోరుట్ల మీదుగా ముంబై పోయే వారపు రైలు ఉందని, అది నాసిక్ మీదుగానే పోతుందని కూడా చెప్పాడు.

వేములవాడలో భోజనం చేసి రెండింటికి కోరుట్ల బస్సెక్కాం. కిటికీ పక్కన కూర్చున్న మౌనిక బస్సు కదలగానే చెప్పింది.

"హైదరాబాద్‌దే తీసుకుంట బాపు. మంచిదే కదా. నీకు దగ్గరుంట."

నాకు కావలసిన మాట అదే. రెండు రోజులుగా నేను అదే కోరుకుంటున్నాను. దాన్ని లోపల పెట్టుకుని చందుర్తి దాకా నిజంగా సంతోషంగానే వచ్చాను. ఆదివారం పొద్దున ఆమె నిద్రలేచి రావడం, ఇద్దరం చాయ్ తాగడం, పొలం గట్టు మీద నడవడం, అన్నీ ఊహించుకున్నాను. మధ్యలో ఆమె వైపు చూస్తే వేలు ముక్కు దగ్గర పెట్టుకుని ఉంది. సాక వదిలిన వేలే అది. ఇంకా వాసన ఉందేమో వెతుక్కుంటోంది.

చందుర్తిలో బస్సు ఆగితే దిగి కాల్చిన మక్క కంకులు రెండు తెచ్చాను. అవి తింటూ, దుబాయిలో పగిలిన సీసా సంగతి ఆమెకు చెప్పాను. ఏడ్చానని కూడా చెప్పాను. ఆమె కంకి తినడం ఆపి నా వైపే చూస్తూ కూర్చుంది. నేను ఆమెకు పాలు పట్టలేదు, బడిలో దింపలేదు, గుమ్మిలోంచి చెయ్యిచ్చి పైకి లాగలేదు. అయినా నాకు వచ్చిన వాసనే ఆమెకూ వచ్చింది. ఆ ముక్కును నా ఆదివారాల కోసం దగ్గర కట్టేసుకుంటే నల్లకోటు ఆయనను చూస్తూ పెట్టెలు మోసినవాడికి, అంటే నాకు, నేనే అన్యాయం చేసినట్టు.

"నాసిక్ పో బిడ్డా" అన్నాను.

రుద్రంగి దాటాక ఆమె నా భుజం మీద తల పెట్టింది. ఇంత పెద్దయ్యాక అలా పెట్టడం ఇదే మొదలు. కోరుట్ల ఎప్పటికీ రాకపోతే బాగుండునని నేను రోడ్డు వంక చూస్తూ కూర్చున్నాను. ఒకప్పుడు దుబాయి విమానం కోసం నన్ను బొంబాయికి సాగనంపిన రోడ్డే ఈమెనూ సాగనంపబోతోంది. పోయేవాడికి ఎంత కష్టమో నాకు తెలుసు, ఉండిపోయేవాడి కష్టం ఇప్పుడు నేర్చుకోవాలి.

కోరుట్లలో మల్లాపూర్ బస్సు కోసం నిలబడి ఉండగా మౌనిక అంది.

"అక్కడ గ్లాసు పట్టినప్పుడల్లా మొదటి చుక్క నీ పేరు మీద వదులుత బాపు."

"నేనింక బతికే ఉన్న బిడ్డా" అన్నాను. "చుక్క తల్లి పేరు మీద వదులు. నాకు మాత్రం ఫోన్ చెయ్యి. ఏం వాసనొచ్చిందో చెప్పు, నేను కండ్లు మూసుకొని వింట."